ఎడమ చేతి నుంచి వేసిన స్టెంటు: ఒక టైలరు ఇచ్చిన మార్కులు

ఆసుపత్రి పేరు రాయడం లేదు. విజయవాడలో గుండె జబ్బులకు పేరున్న ప్రైవేటు ఆసుపత్రి, అంతవరకు చాలు. పేరు రాస్తే నేను మెచ్చుకున్నదీ, తిట్టిందీ పక్కకు పోయి, ఆ ఆసుపత్రి మంచిదా కాదా అన్న తగువే మిగులుతుంది. నేను చెప్పదలచుకున్నది యాంజియోగ్రాం, స్టెంటు (సన్నబడ్డ గుండె నాళాన్ని తెరిచి ఉంచే లోహపు జాలి గొట్టం) అనే సేవ గురించి. డబ్బు కట్టి చేయించుకున్నాను కాబట్టి మార్కులు వేసే హక్కు నాకుంది.

తెనాలిలో టైలరును. ప్యాంట్లు, చొక్కాలు, పెళ్లిళ్ల కాలంలో సూట్లు. అరవై దాటాయి, షుగరు ఉంది. ఎవరి పని చూసినా కొలత ఎలా తీశాడు, చెప్పిన రోజుకే ఇచ్చాడా, చెప్పిన కూలికే ఇచ్చాడా అన్నదే నా కంటికి ముందు ఆనుతుంది. మా ఆవిడ దీన్ని రోగం అంటుంది. సరే, అసలు రోగం సంగతికి వస్తాను.

నా షాపు మేడ మీద. మెట్లెక్కుతుంటే సగంలో ఛాతీ మధ్య బిగించినట్టయ్యేది, దవడ దాకా లాగేది. ఆగి నిలబడితే తగ్గిపోయేది. ఈసీజీ, ఎకో బాగానే ఉన్నాయి కానీ ట్రెడ్‌మిల్ పరీక్షలో గీతలు మారాయి. ఊళ్లోని ఫిజీషియన్ ఆస్పిరిన్, కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్, గుండె వేగం తగ్గించే మాత్ర రాసి, నొప్పి వస్తే నాలుక కింద పెట్టుకోమని ఇంకొకటి ఇచ్చారు. వేసవి అంతా వాడాను. బిగింపు తగ్గింది కానీ పోలేదు. బట్టల బేళ్లు మోయించుకుని ఖాళీ చేతులతో ఎక్కినా పైమెట్టు దగ్గర అదే తంతు. అప్పుడు విజయవాడ వెళ్లమన్నారు.

నేను ఎక్కువ మార్కులు వేసేది స్టెంటు వేసే గదిలో, అంటే క్యాథ్ ల్యాబులో, జరిగిన పనికి కాదు, దానికి ముందు రోజు సాయంత్రం జరిగిన మాటకు. ఇది తెలియాలంటే మామూలుగా ఏం జరుగుతుందో తెలియాలి. యాంజియోగ్రాం అనేది పరీక్ష. సన్నని గొట్టాన్ని రక్తనాళంలోంచి గుండె దాకా పంపి, అయోడిన్ ఉన్న రంగు మందు వదిలి, ఎక్స్‌రేలో నాళాలను చూస్తారు. ఎక్కడైనా సన్నబడితే అదే దారిలో బెలూన్ పంపి, స్టెంటు కూడా అప్పుడే వేయవచ్చు. ఒకే విడతలో అయ్యే పని, రోగికి రెండోసారి సూది తప్పుతుంది. చిక్కల్లా ఆ రెంటి మధ్య ఉన్న కాసేపటితోనే. రోగి బల్ల మీద ఉంటాడు, బయట ఇంటివాళ్లను లోపలికి పిలిచి తెర చూపిస్తారు. "ఇదిగో, ఇక్కడ ఎనభై శాతం. ఇప్పుడే వేసేయమంటారా?" అని అడుగుతారు. ఆ తెల్ల గీతలు చూసి ఏం చెప్పగలరు? మా బావమరిది విషయంలో, వేరే ఆసుపత్రిలో, మా చెల్లెమ్మ అలాగే వణుకుతూ సంతకం పెట్టింది. రెండు స్టెంట్లు వేశారు. అవి అవసరమో కాదో నాకు తెలియదు, ఆమెకు ఈ రోజుకీ తెలియదు. నా కోపమంతా ఆ తెలియకపోవడం మీదే.

మా డాక్టరు గారు, ఆవిడకు నలభై ఏళ్లు ఉంటాయేమో, ముందు రోజు సాయంత్రం రౌండ్లయ్యాక మంచం పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నారు. మా ఆవిడా, మేనల్లుడూ ఉన్నారు.

"రేపు లోపల మూడు రకాలుగా ఉండవచ్చు" అని మొదలుపెట్టారు. ఎడమవైపు మొదటి ప్రధాన నాళంలో గట్టి అడ్డు ఉన్నా, మూడు నాళాలూ పాడైనా స్టెంటు వేయకుండా బల్ల దింపేస్తామన్నారు. షుగరు ఉన్నవారికి అన్ని నాళాలూ చెడితే బైపాసే ఎక్కువ కాలం కాపాడుతుందట. దాని మీద 2012లో ఫ్రీడమ్ అనే పెద్ద అధ్యయనం వచ్చిందని చెప్పారు. ఒకచోట స్పష్టంగా ఉంటే స్టెంటు. అనుమానంగా ఉంటే కొలిచి చూసి నిర్ణయిస్తామన్నారు. ఈ మూడింటిలో దేనికి ఒప్పుకుంటారో ఈ రాత్రే అనుకోండి, రేపు మీ ఆవిడను తొందరపెట్టను అన్నారు.

నేను సూటిగా అడిగాను. "స్టెంటు వేస్తే ఎన్నేళ్లు ఎక్కువ బతుకుతానమ్మా?"

"ఆ మాట నేను చెప్పను. మీకు వచ్చింది గుండెపోటు కాదు. గుండెపోటు అయితే నాళం తెరవడం ప్రాణం నిలబెడుతుంది, అక్కడ నిమిషాలు లెక్క. మీలాగా మెట్లెక్కితే వచ్చే నొప్పికి స్టెంటు వేస్తే నొప్పి తగ్గుతుంది, మెట్లెక్కగలుగుతారు. ఆయుష్షు మాత్రం మందుల మీద, మీ షుగరు మీద ఉంటుంది."

అమ్మేవాళ్లు ఇలా మాట్లాడరు. తర్వాత మేనల్లుడు చదివి చెప్పాడు. 2019 చివర్లో ఇస్కీమియా అనే అధ్యయనం ఫలితాలు బయటికి వచ్చాయట. జబ్బు నిలకడగా ఉన్న ఐదు వేల మందికి పైగా గుండె రోగులను చూస్తే, ముందే స్టెంటో బైపాసో చేసినవారికీ, ముందు మందులే వాడినవారికీ చావుల్లో తేడా కనిపించలేదు. నొప్పి ఎక్కువగా ఉన్నవారికి నొప్పి విషయంలో మాత్రం మేలు జరిగింది. ఆవిడ చెప్పిందీ అదే. మందులు ఒక వేసవంతా వాడి చూశాను, బిగింపు పోలేదు, నాకు మెట్లెక్కాలి. నా లెక్క తేలిపోయింది.

ఇంకో బేరం కూడా ఆ రాత్రే కుదిరింది. మామూలుగా కుడి మణికట్టు నుంచి వెళతారు, డాక్టరు నిలబడేది బల్లకు కుడివైపు కాబట్టి. నాకు కుడి చేతితోనే కత్తెర. నరం కొట్టుకుపోయి వేళ్లు మొద్దుబారితే నా బతుకేమిటి అన్నాను. అలా కావడం అరుదన్నారు కానీ నవ్వేసి తోసిపుచ్చలేదు. ఎడమ చేయి పట్టుకుని మణికట్టులోని రెండు నాడుల మీదా వేళ్లతో నొక్కి, గుప్పిట మూసి తెరవమన్నారు. అరచేయి పాలిపోయింది. చిటికెన వేలు వైపు నాడిని వదిలారు. రంగు వెంటనే తిరిగి వచ్చింది. బొటనవేలు వైపు నాడి మూసుకుపోయినా చేతికి రక్తం అందుతుందని తెలుసుకోవడానికట. "ఎడమ చేతి నుంచే చేద్దాం. నేను కొంచెం వంగాలి, అంతే" అన్నారు. ముప్పై ఏళ్లుగా పొడుగు ఖాతాదారుల కాలర్లకు మడమలెత్తి కొలతలు తీస్తున్నవాడిని, ఒకరు నాకోసం వంగుతామంటే కాదంటానా?

ఈ ఎడమ చేతికి చరిత్ర కూడా ఉందని తర్వాత తెలిసింది. 1929లో జర్మనీలో వెర్నర్ ఫోర్స్‌మన్ అనే కుర్ర డాక్టరు, పైవాళ్లు వద్దన్నా వినకుండా, తన ఎడమ మోచేతి సిరలోంచి తన గుండెలోకే గొట్టం పంపుకుని, ఎక్స్‌రే గదికి నడిచి వెళ్లి ఫొటో తీయించుకున్నాడు. ఉద్యోగం చెడింది. 1956లో నోబెల్ వచ్చింది. మణికట్టు దారి అంత పాతది కాదు. 1989లో కెనడాలో కాంపో అనే డాక్టరు మణికట్టు నుంచి యాంజియోగ్రాములు చేసి రాశారు, 1992లో ఆమ్‌స్టర్‌డామ్‌లో కీమెనే అనే డాక్టరు అదే దారిలో నాళాలు తెరవడం మొదలుపెట్టారు. అంతకుముందు ఎక్కువగా తొడ దగ్గర నుంచే. మా పెదనాన్నకు అలాగే చేశారు, తొడ మీద ఇసుక సంచి పెట్టి గంటల తరబడి కాలు కదపనివ్వలేదు. నేను పని అయ్యాక లేచి నడిచి బాత్‌రూముకు వెళ్లాను. ఆ తేడా ఎంతో మా పెదనాన్నను అడగాలి.

పొద్దున్నే సంతకం కాగితాలు తెచ్చారు. అన్నీ ఇంగ్లీషులో. తెలుగులో లేదా అంటే నర్సమ్మ నా మొహం చూసింది. శ్రీకాకుళం పిల్ల, చురుకైనది. వెళ్లి ఏ సొరుగులోంచో తెలుగు కాగితం తెచ్చింది, జిరాక్సు మీద జిరాక్సు తీసి అక్షరాలు వెలిసిపోయాయి. అద్దాలు పెట్టుకుని చదివాను. రక్తస్రావం, కిడ్నీలకు దెబ్బ, రంగు మందు పడకపోవడం, పక్షవాతం, గుండెపోటు, మరణం, అన్నీ ఉన్నాయి. వట్టి యాంజియోగ్రాంలో పెద్ద ప్రమాదం నూటికి ఒకటి కన్నా తక్కువ, స్టెంటుకు కొంచెం ఎక్కువ అని డాక్టరు గారు ముందే చెప్పారు. ఉన్న తెలుగు కాగితాన్ని సొరుగులో దాచడం ఎందుకో నాకు అర్థం కాలేదు. ఇక్కడ మార్కులు కోస్తున్నాను.

షుగరు మాత్రల్లో మెట్‌ఫార్మిన్ ఆపించారు. కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ చూశారు. రంగు మందు కిడ్నీల మీద పడుతుంది కాబట్టి సెలైన్ పెట్టారు. మణికట్టుతో పాటు తొడ దగ్గర కూడా గొరిగారు, చేతి దారి కుదరకపోతే అని. ఇదంతా చకచకా అయిపోయింది.

క్యాథ్ ల్యాబు చలి. బల్ల ఇరుకు, తిరగబడితే పడిపోతామేమో అనిపిస్తుంది. అందరూ సీసపు కోట్లు వేసుకుని ఉన్నారు. వాటి భుజాల కుట్టు ఎంత నాసిరకమో! అంత బరువుకు పట్టీ అక్కడ పెట్టకూడదు. సరే, అది అడిగినవాళ్లు లేరు. ఎడమ చేతిని పొట్ట మీదుగా కుడివైపుకు తెచ్చి దిండు పెట్టారు. మత్తు సూది చురుక్కుమంది, ఆ తర్వాత నొప్పి లేదు. పెట్టిన గొట్టం రెండు మిల్లీమీటర్ల లావు. లోపల వెళుతున్నప్పుడు భుజం దగ్గర ఏదో పాకుతుందని ఎదురుచూశాను, ఏమీ తెలియలేదు. నాళాల లోపలి గోడకు స్పర్శ ఉండదట. తల మీద ఎక్స్‌రే యంత్రం అటూ ఇటూ తిరుగుతుంటే, "ఊపిరి బిగపట్టండి, వదలండి" అంటూ టెక్నీషియన్ చెబుతుంటే, పదిహేను ఇరవై నిమిషాల్లో పరీక్ష అయింది.

ముందువైపు దిగే పెద్ద నాళంలో గట్టి అడ్డు. కుడి నాళంలో ఇంకోటి, అరవై శాతం ఉండవచ్చన్నారు. మా మేనల్లుడిని పిలిచి తెర చూపించి, "రాత్రి అనుకున్నట్టే. ముందుదానికి స్టెంటు, రెండోది కొలిచి చూస్తాను" అన్నారు. వాడు తలూపి వెళ్లిపోయాడు. ఒక్క నిమిషం. రాత్రి మాట్లాడిన అరగంట విలువ అప్పుడు కనిపించింది.

ఆ కొలత గురించి ఎంత రాసినా నాకు తనివి తీరదు. కుడి నాళంలోకి కొసన పీడనం కొలిచే సాధనం ఉన్న సన్నని వైరు పంపారు. నాళాలు బాగా విప్పుకునే మందు ఎక్కించారు. ఆ కాసేపు ఛాతీ మీద బరువు పెట్టినట్టయింది, ఊపిరి అందలేదు, పోతున్నానేమో అనుకున్నాను. అలా ఉంటుందని ముందే చెప్పారు కాబట్టి కేకలు వేయలేదు. అడ్డుకు అవతల పీడనాన్ని ఇవతల పీడనంతో భాగిస్తే వచ్చే అంకె చూస్తారు. 0.80 కన్నా ఎక్కువ ఉంటే ఆ అడ్డు రక్తాన్ని ఆపడం లేదన్నట్టు, స్టెంటు అక్కర్లేదు. నాకు 0.89 వచ్చింది. అరవై శాతం అని కంటితో చూసి వేసి ఉంటే రెండో స్టెంటు నా ఒంట్లో ఉండేది. కంటి అంచనాతో కాలరు కత్తిరించేవాడిని నేను నా షాపులో ఒక పూట ఉంచను. గుండెకు మాత్రం ఇన్నాళ్లూ చాలాచోట్ల కంటి అంచనాయే నడిచింది. 2009లో వచ్చిన ఫేమ్ అధ్యయనంలో, ఇలా కొలిచి వేసినవారికి స్టెంట్లు తక్కువ పడ్డాయి, ఫలితాలు మెరుగ్గా వచ్చాయి. వైరు ఖరీదు మనదే, ఒక్కసారికే పనికి వస్తుంది. అయినా స్టెంటు తప్పింది.

ముందు నాళంలో మొదట బెలూన్ పెట్టి విప్పారు, తర్వాత మందు పూసిన స్టెంటు. వ్యాసం 3 మిల్లీమీటర్లు, పొడవు 24. దాని మీద మళ్లీ గట్టి బెలూన్‌తో నొక్కి గోడకు ఆనించారు. బెలూన్ ఉబ్బినప్పుడు అదే పాత బిగింపు, మెట్ల మీద వచ్చేదే వచ్చింది. దించగానే పోయింది. ఈ బెలూన్‌ను జ్యూరిక్‌లో గ్రూన్‌జిగ్ అనే డాక్టరు వంటింటి బల్ల మీద చేత్తో తయారుచేసుకుని, 1977 సెప్టెంబరు 16న మొదటిసారి మనిషి గుండె నాళంలో వాడాడట. చేతిపని వాడిగా నాకు గర్వంగా అనిపించింది. మనవాళ్లలో హైదరాబాదులో డాక్టర్ సోమరాజు గారు, అబ్దుల్ కలాం గారు కలిసి 1990లలో చవక స్టెంటు చేశారు, కలాం-రాజు స్టెంటు అనేవారు. అప్పట్లో దిగుమతి స్టెంటు మామూలువాళ్లు ముట్టుకునే ధరలో లేదు.

రాత్రి సంగతి బాగాలేదు. గొట్టం తీసి మణికట్టుకు గాలి నింపే ప్లాస్టిక్ పట్టీ కట్టారు. దాన్ని కొంచెం కొంచెంగా గాలి తీస్తూ వదులు చేయాలి. ఎప్పుడెప్పుడు తీయాలో కాగితం మీద రాసి ఉంది. తీసే మనిషే రాలేదు. బొటనవేలు మొద్దుబారింది, చేయి నీలంగా మారింది. మంచం పక్క గంట నొక్కితే మోగలేదు. మా ఆవిడ వరండాలో సగం దూరం పరుగెత్తి ఒక నర్సును పట్టుకొచ్చింది. ఆ అమ్మాయి ఒక్కతే అంతమందిని చూస్తోంది, ఆమెను అనను. గాలి తీయగానే వేలికి ప్రాణం వచ్చింది. లక్షలు పోసి కొన్న యంత్రాలున్న చోట ఒక గంట మోగకపోవడం యాజమాన్యం తప్పు. మర్నాడు కాగితం మీద రాసి ఇచ్చాను. సరిచేస్తామన్నారు.

పక్క మంచం ఆయనది రేపల్లె దగ్గర పల్లె, రైతు. ఆయనది అసలు గుండెపోటు. మొదట ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర గ్యాసు నొప్పి అని సూది వేయించుకుని కూర్చున్నాడట, తర్వాత కొడుకు కారెక్కించి తెచ్చాడు. అర్ధరాత్రి దాటాక తెచ్చినా బృందం దిగి నాళం తెరిచింది. గుండెపోటులో ఆసుపత్రి గడప తొక్కినప్పటి నుంచి తొంభై నిమిషాల్లోపు తెరవాలన్నది వాళ్ల నియమం. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలైన పథకం కింద ఆయనకు చేతి డబ్బు ఖర్చు కాలేదు. ఆయనకు స్టెంటు ప్రాణం, నాకు మెట్లు. రెంటినీ ఒకే మాటతో భయపెట్టి అమ్మేవాళ్లకు ఈ రెండు మంచాలూ చూపించాలి.

ఇక బిల్లు. 2017 ఫిబ్రవరిలో కేంద్రం స్టెంట్లకు గరిష్ఠ ధర పెట్టింది, మందు పూసినదానికి 29,600. అంతకుముందు లక్ష దాటి వసూలు చేసిన రోజులున్నాయి. ఏటా సవరిస్తూ ఇప్పుడు 38 వేలు దాటింది. బిల్లులో స్టెంటును విడిగా, కంపెనీ పేరు, బ్యాచి నంబరుతో చూపించాలన్నది నియమం, వీళ్లు చూపించారు. కానీ ఆ గరిష్ఠ ధర బెలూన్లకు, వైర్లకు లేదు, అసలు బరువంతా అక్కడ పడుతుంది. ప్యాకేజీ అని ఫోనులో చెప్పిన అంకెలో పీడనం కొలిచే వైరు లేదు. డాక్టరు చెప్పారు కానీ కౌంటరు చెప్పలేదు. ఆపరేషను రిపోర్టులో బెలూన్లు రెండు ఉంటే బిల్లులో మూడు ఉన్నాయి. రిపోర్టు పక్కన పెట్టి చూపించాను. కంప్యూటరు ముందున్న కుర్రాడు మారుమాట లేకుండా ఒకటి కొట్టేశాడు. ఎవరూ అడగకపోతే? "ఇతర సామగ్రి" అని గంపగుత్తగా రాసిన అంకెకు మాత్రం ఎంత అడిగినా వివరం ఇవ్వలేదు. బీమా కంపెనీ అనుమతి వచ్చేసరికి పొద్దున డిశ్చార్జి అన్నది చీకటి పడ్డాక అయింది. ఆ సేపంతా మా ఆవిడకు కూర్చోవడానికి కుర్చీ కూడా లేదు.

డైటీషియన్ ఇచ్చిన కాగితంలో ఓట్సు, ఆలివ్ నూనె, అవకాడో ఉన్నాయి. తెనాలి మార్కెట్లో అవకాడో కోసం నేను ఎవరిని అడగను? గోంగూర పచ్చడి తినవచ్చా అంటే, ఉప్పు తగ్గించి వారానికి ఒకసారి కొంచెం అంది. ఆ ఒక్క మాట కాగితంలో ఉంటే బాగుండేది.

డాక్టరు పనికి పదికి పది. ముందు రోజు మాటకు ఇంకా ఎక్కువ ఇచ్చే వీలుంటే ఇస్తాను. క్యాథ్ ల్యాబు సిబ్బందికి తొమ్మిది. రాత్రి వార్డుకు నాలుగు. బిల్లు కౌంటరుకు మూడు, ఆ మూడూ బెలూన్ కొట్టేసిన కుర్రాడివి.

చేయించుకోబోయేవారు ముందు రోజే మూడు దారులూ అడగండి, అనుమానంగా ఉన్న అడ్డును కొలుస్తారా అని అడగండి, ఇంటికి వెళ్లేటప్పుడు సీడీ, స్టెంటు స్టిక్కరు అంటించిన కార్డు తీసుకోండి. నాకు ఆస్పిరిన్‌తో పాటు, రక్తం గడ్డకట్టకుండా చూసే క్లోపిడోగ్రెల్ ఆరు నెలలు రాశారు. పళ్ల డాక్టరు చెప్పినా సరే, ముందు తనను అడగకుండా ఆపవద్దని డాక్టరు గారు రెండుసార్లు అన్నారు. మణికట్టు దగ్గర కమిలిన మచ్చ పోయింది, బొటనవేలు బాగుంది, పైమెట్టు దగ్గర ఆగడం లేదు. తర్వాతి చెకప్‌కు అదే డాక్టరు దగ్గరికి వెళతాను. రక్త పరీక్షలు మాత్రం తెనాలిలోనే చేయించుకుని వెళతాను, అక్కడికి ఇక్కడికి ధరలో సగానికి సగం తేడా ఉంది.